పట్టు మీద ఆస్కియా

ఆ వసంతంలో కూడా ఎప్పటిలాగే ఇంట్లో మంచి గదులు రెండూ పట్టుపురుగులకిచ్చేసి మేము వరండాలో పడ్డాం. మా మార్గిలాన్ వైపు ఇదేం కొత్త కాదు. గుడ్లు పంచేది సర్కారు, గూళ్ళు కొనేది సర్కారు, మధ్యలో మల్బరీ కొమ్మలు నరికేది, ఆకు తరిగేది, పెంట ఎత్తేది ఆడవాళ్ళు. పురుగులకు ఘాటు పడదని వంటలో వెల్లుల్లి మానేస్తాం. చప్పుడు పడదని తలుపు కూడా మెల్లగా వేస్తాం. పెళ్ళైన కొత్తలో అత్తారింట్లో కూడా నేనంత ఒదిగి ఉండలేదు. కానీ ఆ ఏడాది నన్ను విసిగించింది పురుగులు కాదు, మనుషులు. ఆడదాని తలమీద గుడ్డ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్న సంగతి మీద ఊళ్ళో ప్రతివాడికీ ఒక మాట ఉండేది. ఆ మాటలన్నీ తిరిగి తిరిగి మా వరండాలోకే వచ్చేవి.

మా ఆయన సోత్వోల్ది పగలు బజారులో రేడియోలు బాగుచేసేవాడు. ఊరంతా ఆయన్ను ఎరిగింది మాత్రం ఆస్కియా వల్ల. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, పెద్దలు ఒక మాట ఇస్తారు, గుర్రమనో రొట్టె అనో. ఆ మాట వదలకుండా ఒకరినొకరు ఎగతాళి చేసుకోవాలి. పైకి ఒక అర్థం, లోపల ఇంకో అర్థం. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు, నోరు పెగలనివాడు ఓడినట్టు. మా ఆయన నోరు పెగలకపోవడం ఎవరూ ఎరగరు. ముల్లాల భోజనాల మీద, పార్టీవాళ్ళ ఉపన్యాసాల మీద సమానంగా జోకులేసేవాడు. అయిదు పూటలా నమాజు చేసేవాడు, చేసి వచ్చి ఇమాముగారు పలావు ముందు ఎలా దువా త్వరగా ముగిస్తారో చేసి చూపించేవాడు. ఇమాముగారే ముందు నవ్వేవారు.

ఆ నోరు మా అమ్మాయి హిలోలాకు వచ్చింది. టీచర్ల ఇన్‌స్టిట్యూట్‌లో ఆఖరి సంవత్సరం చదివేది. ఆ చలికాలంలో గడ్డం కింద పిన్ను పెట్టి స్కార్ఫ్ కట్టడం మొదలుపెట్టింది. పురుగుల గుడ్లు పొదిగే వేళకు వీధిలో మొహానికి కూడా నల్లగుడ్డ వేసుకునేది. కళ్ళు తప్ప ఏమీ కనపడేవి కావు. ఇంట్లోకి రాగానే తీసి మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని ఆకు తరగడానికి కూర్చునేది. తండ్రి ఎప్పుడు వస్తాడా, ఎప్పుడు మొదలెడతాడా అని చూసేది.

"హిలోలా, ఇవాళ చాయ్‌ఖానా ముందు ఒకావిడ నాకు సలాం చెప్పింది. నేను తల వంచుకుని వచ్చేశాను. నువ్వేనా?"

"నేనే నాన్నా."

"మరి చెప్పొద్దూ? పరాయి ఆడదానికి బదులు సలాం చెప్పానని తెలిస్తే మీ అమ్మ నన్ను బతకనిస్తుందా?"

"నువ్వు కూడా మొహం కప్పుకో. అప్పుడు అమ్మకు ఆ దిగులే ఉండదు."

"నేను కప్పుకుంటే జనాన్ని నవ్వించేదెలా?"

"నవ్వించేది నోటితోనా మొహంతోనా? మొహం చూసి నవ్వుతున్నారంటే ఇంక నీకెందుకు ఆస్కియా, ఊరికే కూర్చుంటే చాలు."

మా అత్తగారు, తోజీ ముసలావిడ, పడక మీద నుంచే కిసుక్కుమంది. మా ఆయన ఆకు తరుగుతున్న కత్తి పక్కన పెట్టాడు. కూతురు చేతిలో దెబ్బ తిన్నప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోయేది. కానీ ఆ రోజు వదల్లేదు.

"నిజం చెప్పవే. ఎవరు నేర్పారు నీకు ఇది?"

"ఎవరో చెప్తే చేసే రకమా నేను? నువ్వు చెప్తేనే చెయ్యను."

"మరెందుకు?"

హిలోలా కొంచెంసేపు ఆకు తరిగింది. "బస్సులో వెళ్తుంటే ఎవడి చూపూ నా మీద ఆగదు. అప్పుడు నేను నాదాన్ని అనిపిస్తుంది. అంతే నాన్నా. దానికి పెద్ద మాటలు లేవు."

"కళ్ళు తప్ప కనపడకూడదని కితాబులో ఉందా?"

"నువ్వు ఇమాముగారి పొట్ట మీద జోకులెయ్యాలనీ లేదు. మానేశావా?"

అత్తగారు ఈసారి గట్టిగానే నవ్వింది. ఆవిడ చిన్నప్పుడు గుర్రపు వెంట్రుకలతో నేసిన ముసుగు వేసుకున్న మనిషి. "మీరిద్దరూ ఒక గుడ్డ గురించి ఇంత కొట్టుకుంటున్నారు. మా రోజుల్లో పార్టీవాళ్ళు చౌక్‌లో మంట వేసి, తీసి పడెయ్యండని పిలిచారు. వెళ్ళి పడేశాను. ఇంటికి వస్తే మా నాన్న తోలు వలిచి కొత్తది కప్పాడు. మళ్ళీ పిలిచారు, మళ్ళీ పడేశాను. ఇంకోసారి పిలిచేసరికి నా దగ్గర ముసుగే లేదు. లెక్క తగ్గుతుందని వాళ్ళే ఒకటి అరువిచ్చారు, మంటలో వెయ్యమని. వేశాను. బ్యాండు వాయించారు."

"నీకేది ఇష్టమయ్యేది బామ్మా? ఉండటమా, లేకపోవడమా?" అని హిలోలా అడిగింది.

"ఏమో తల్లీ. ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నువ్వే మొదటిదానివి."

నన్ను కూడా అడిగింది. ఉతికేది నేను, నల్లగుడ్డకు దుమ్ము బాగా కనపడుతుంది అన్నాను. అంతకంటే ఆలోచించే ఓపిక నాకు లేదు. పొద్దున ఆకు, మధ్యాహ్నం ఆకు, సాయంత్రం ఆకు. పురుగులు పెద్దవైన కొద్దీ వాటి తిండి చప్పుడు రేకుల మీద వానలా వినపడేది.

అదే రోజుల్లో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కబురు చేశారు. మొహం కప్పుకున్నవాళ్ళు, గడ్డం కింద పిన్ను పెట్టుకున్నవాళ్ళు ఆఖరి పరీక్షకు రాకూడదు. తలగుడ్డ కావాలంటే మెడ వెనక ముడి వేసుకుని రావచ్చు. వెనక ముడి వేస్తే అది మన సంప్రదాయమట, ముందు పిన్ను పెడితే పరాయి పోకడట. అదే గుడ్డ, అదే తల. నాలుగేళ్ళ చదువు ఇప్పుడు ఆ ముడి మీద నిలబడింది. హిలోలా ఆ కబురు విని, పుస్తకం తీసుకుని మల్బరీ చెట్టు కిందికి వెళ్ళింది. ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పాలన్నది దాని చిన్ననాటి కోరిక. వీధిలో పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి బెత్తం పట్టుకునేది.

సరిగ్గా అప్పుడే నాకు దవడ పన్ను వాచింది. చెంప బూరెలా ఉబ్బింది. ఆకు తేకపోతే పురుగులు చస్తాయి కాబట్టి, తెల్లటి శాలువా చెంపల మీదుగా తెచ్చి గడ్డం కింద కట్టి, మూతి దాకా కప్పుకుని బండి దగ్గరకు వెళ్ళాను. మొహల్లా పెద్ద తుర్సున్‌బోయ్ అక్కడే ఉన్నాడు, ఏ ఇంటికి ఎంత ఆకు వెళ్తోందో చూస్తూ. మేమంతా ఆయన్ని రయీస్ గారూ అంటాం. నన్ను చూసి ఆయన మొహం పాలిపోయింది.

"మస్తురా! నువ్వు కూడానా?"

పన్ను బాధతో నోరు తెరవలేక తల అడ్డంగా ఊపాను. ఆయన దానికి ఇంకేదో అర్థం చేసుకున్నాడు.

"ఈ వయసులో నీకెందుకమ్మా ఇది? కూతురికి బుద్ధి చెప్పాల్సినదానివి! జిల్లా నుంచి మనుషులు తిరుగుతున్నారు. వాళ్ళు చూస్తే మన మొహల్లా పేరు రాసుకుంటారు."

నేను శాలువా విప్పి, నోరు తెరిచి పన్ను చూపించాను. ఆకు మోసేవాళ్ళందరూ వంగి చూశారు. రయీస్ గారు కూడా వంగి చూశాడు, చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"సరే సరే. అయితే ఆ కట్టు కాస్త వెనక్కి ముడేసుకో."

"నొప్పి ముందుంది రయీస్ గారూ."

మధ్యాహ్నానికి ఆ కథ చాయ్‌ఖానాకు చేరింది. సాయంత్రానికి మా ఆయన దాన్ని మెరుగులు దిద్ది, నాకే చేసి చూపించాడు. వాచిన చెంపతో నవ్వితే ప్రాణం పోయినంత పనైంది. హిలోలా కూడా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "చూశావా నాన్నా, పంటినొప్పి కూడా పరాయి పోకడే" అంది. మా ఇల్లు ఇల్లులా ఉన్న ఆఖరి సాయంత్రం అదేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

మర్నాడు రయీస్ గారు ఇంటికే వచ్చాడు. మంచివాడే, చెడ్డవాడని అనను. ఎవరి ఇంట్లో చావైనా ముందు వచ్చి పాడె పట్టే మనిషి. వరండా అంచున కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. హిలోలా చదువుకు వెళ్ళి ఉంది.

"సోత్వోల్దీ, గూళ్ళు అప్పజెప్పాక చాయ్‌ఖానాలో విందు పెడుతున్నాం. జిల్లావాళ్ళు వస్తారు. ఇన్‌స్టిట్యూట్ ఉపాధ్యక్షుడూ వస్తున్నాడు. నువ్వూ మామాసోలీ ఆస్కియా ఆడాలి."

"ఎప్పుడూ ఆడేదేగా. దానికి టోపీ తియ్యడం దేనికి?"

"ఈసారి మాట పట్టు మీద ఇస్తాం. పట్టు, గూడు, పురుగు. నువ్వు తెలివైనవాడివి, ఆ మాట ఎటు తిప్పాలో నీకు తెలుసు. ఈ మొహం కప్పుకునే పిల్లల మీద నాలుగు విసుర్లు పడాలి. జనం నవ్వాలి. ఉపన్యాసాలు ఎవడు వింటాడు? నీ మాటైతే ఇంటింటికీ వెళ్తుంది."

రయీస్ గారు గొంతు తగ్గించాడు. "కన్నతండ్రే నవ్వాడంటే వాళ్ళకూ ధైర్యం వస్తుంది, ఈ ఇల్లు మనవైపే ఉందని. ఉపాధ్యక్షుడితో నేను మాట్లాడాను. లోపల మొహం తీసి కూర్చుంటే చాలు, స్కార్ఫ్ ఎలా ఉన్నా పరీక్ష రాయనిస్తాడు. నాకూ కూతుళ్ళున్నారయ్యా. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

ఆయన వెళ్ళాక మా ఆయన పురుగుల గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. పురుగులు తిండి మానేసి, మేం పేర్చిన ఎండు కంపల మీదికి ఎక్కుతున్నాయి. కొన్ని అప్పుడే దారం తీస్తున్నాయి.

"హిలోలా నాన్నా, ఒప్పుకుంటారా?" అన్నాను గుమ్మంలో నిలబడి.

"ముల్లాలను అనలేదా నేను? నిన్ను అనలేదా, మా అమ్మను అనలేదా? అందర్నీ అన్నాను. దాన్ని రోజూ అంటూనే ఉన్నాను."

"ఇంట్లో అనడం వేరు."

"దానికి పరీక్ష కావాలి మస్తురా."

"దానికి చెప్తారా మరి?"

"చెప్తే ఒప్పుకుంటుందా?" అన్నాడు.

విందు రోజు ఎండ బాగా కాసింది. గూళ్ళు బాగా తూగాయని అందరికీ కాస్త హుషారు. చాయ్‌ఖానాలో మగవాళ్ళు మంచాల మీద కూర్చున్నారు. పొయ్యిల దగ్గర ఆడవాళ్ళం, మధ్యలో రెల్లు తడిక. ఆడపిల్లలు మొహం కప్పుకోవడం వెనకబాటుతనం అని ఆ ఉదయమే ఉపన్యసించిన రయీస్ గారే ఆ తడిక కట్టించాడు. దాన్ని ఎవరూ ముసుగు అనలేదు. అది మర్యాదట.

హిలోలా నా పక్కనే క్యారెట్లు తరుగుతోంది. అందరం ఆడవాళ్ళమే కాబట్టి మొహం మీద గుడ్డ లేదు. వెళ్ళొద్దని నేను చెప్పాను. "నాన్న ఆస్కియా ఎప్పుడైనా మానానా?" అంది. ఇంకేం చెప్పను?

మామాసోలి రొట్టెలు కాల్చేవాడు. మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చోగానే నవ్వు ముందే మొదలైంది. మాట పట్టు అని రయీస్ గారు ప్రకటించాడు.

"సోత్వోల్దీ, ఈ ఏడు మీ ఇంట్లో పట్టు బాగా పండిందట?"

"మా ఇంట్లో పట్టుకేం తక్కువ? పెళ్ళాందొక పట్టు, తల్లిదొక పట్టు. మధ్యలో పట్టు తప్పి పడేది నేనొక్కణ్ణి."

"పట్టు తప్పినవాడు గోడ పట్టుకోవాలి. నువ్వు పలావు గిన్నె పట్టుకున్నావేం?"

"నేను వేళ్ళకు పట్టినంతే పట్టాను. నీ గడ్డానికి పట్టిన కొవ్వు చూస్తే తెలుస్తుంది ఎవరు ఎంత పట్టించారో!"

తడిక ఊగిపోయేలా నవ్వారు. మా వైపు కూడా నవ్వులే. హిలోలా పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటూ నా మోచేతి మీద కొట్టింది. తండ్రి మాట పేలినప్పుడల్లా అలాగే కొట్టేది. "నా పన్ను కదలకుండా కొట్టవే" అన్నాను.

అప్పుడు రయీస్ గారు దగ్గాడు. తడిక సందులోంచి నాకు మామాసోలి మొహం కనపడింది. ఆయన కిందికి చూసి, గొంతు సవరించుకుని, చెప్పినట్టే చేశాడు.

"అన్నీ బాగున్నాయి గానీ, మీ ఇంట్లో ఒక పురుగు అందరికంటే ముందే గూడు కట్టేసుకుందటగా? మొహం కూడా కనపడకుండా?"

మగవాళ్ళు ఓ అన్నారు. మా వైపు ఆడవాళ్ళంతా ఒక్కసారి మా అమ్మాయిని చూశారు. హిలోలా చేతిలో కత్తి ఆగలేదు.

"కట్టుకుంది," అన్నాడు మా ఆయన. ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఆకు పెట్టింది మేమే. గూడు మాత్రం ఏ ఊరి కొలతకు కట్టిందో మాకు తెలీదు."

నవ్వులు. జిల్లావాళ్ళు బల్ల చరిచారు. ఉపాధ్యక్షుడు రయీస్ గారి చెవిలో ఏదో అన్నాడు, రయీస్ గారు తల ఊపాడు. పని అయిపోయింది అనుకున్నాను నేను. ఇక ఇద్దరూ లేచి కౌగిలించుకుంటే చాలు. కానీ నవ్వు వేడెక్కితే ఆపడం ఆడేవాళ్ళ చేతిలో ఉండదు. మామాసోలికి ఊపు వచ్చేసింది.

"కొలత సంగతి వదిలెయ్ సోత్వోల్దీ! గూట్లోంచి పట్టు ఎలా తీస్తారో తెలుసుగా? మరిగే నీళ్ళలో వేస్తారు. మరి నువ్వెప్పుడు పెడుతున్నావ్ పొయ్యి మీద?"

చాయ్‌ఖానా విరగబడి నవ్వింది. మా వైపు నవ్వు సగంలోనే ఆగిపోయింది. పురుగు లోపల ఉండగానే గూటిని ఉడకేస్తారని మాలో తెలియని ఆడది లేదు.

మా ఆయన జవాబు చెప్పాలి. ఇన్నేళ్ళు ఆ మనిషితో కాపురం చేశాను, ఆయన నోట్లో మాట తయారవుతుంటే నాకు చప్పుడు వినపడుతుంది. రెండు జవాబులు ఉన్నాయి ఆయన నాలుక మీద. ఒకటి, పొయ్యి ఇంకా వేడెక్కలేదోయ్, నీ పుల్లలు రెండు అప్పివ్వు అన్నట్టుగా ఏదో. అది పడితే జనం లేచి నిలబడేవారు, అమ్మాయి పరీక్ష రాసేది. రెండోది, పొయ్యి వెలిగించింది రయీస్ గారు, నీళ్ళు పోసింది నువ్వు, పట్టు మాత్రం మా అమ్మాయిదే అని. అది పడితే రయీస్ గారి మొహం మాడిపోయేది, పరీక్షా పోయేది. రెండూ మంచి జవాబులే. రెండూ నవ్వు తెప్పించేవే.

ఆయన నోరు తెరిచాడు. తడిక వైపు ఒకసారి చూశాడు. తర్వాత కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, మామాసోలికి తల వంచాడు.

ఓడినవాళ్ళు చేసే పని అది. ఆయన చెయ్యగా ఎవరూ చూడలేదు కాబట్టి, అది కూడా హాస్యమే అనుకుని కొంతమంది ఇంకా నవ్వారు. ముందుగా అర్థమైంది మామాసోలికి. లేచి వచ్చి మా ఆయన పక్కన కూర్చుని ఆయన గిన్నెలో చాయ్ పోశాడు. ఎవరో పలావు తెమ్మని కేక వేశారు. మేము పళ్ళేలు అందించడం మొదలుపెట్టాం. హిలోలా క్యారెట్లు తరిగిన చెక్క కడిగి, మొహం మీద గుడ్డ వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వారం పదిరోజులు మా ఇంటికి వచ్చినవాళ్ళను తలచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. ముందు రయీస్ గారు వచ్చాడు. "నువ్వు ఆ మాట చెప్పకపోవడంతో ఉపాధ్యక్షుడు వేరేలా అనుకున్నాడయ్యా. ఇంట్లో అందరిదీ అదే దారి కాబోలు అన్నాడు. ఇప్పుడు నా మాట నెగ్గదు. వెనక ముడి వేసుకుంటే రానిస్తారు, లేకపోతే లేదు" అని చెప్పి, చాయ్ తాగకుండా వెళ్ళిపోయాడు. హిలోలా గుమ్మం వెనక నుంచి అంతా వింది. తర్వాత మసీదు దగ్గర తిరిగే కుర్రాళ్ళు ముగ్గురు వచ్చారు, నూనూగు గడ్డాలవాళ్ళు.

"మామా, ఎగతాళి తప్పని తౌబా చేసి మానేశారట. అల్లా స్వీకరించాలి."

"ఎవరు చెప్పారు మానేశానని? మీ గడ్డాలు పూర్తిగా వచ్చేదాకా ఆగుదామని చూస్తున్నాను. సగం గడ్డం మీద ఏం జోకు వెయ్యను?" అన్నాడు మా ఆయన.

వాళ్ళు మొహాలు చూసుకుని వెళ్ళిపోయారు. సర్కారువాళ్ళకు ఆయన మతం పట్టినవాడయ్యాడు. మతంవాళ్ళకు మారిన పాపి అయ్యాడు. ఒక్క మాట అననందుకు ఎన్ని అర్థాలు! పెళ్ళిళ్ళకు పిలుపులు తగ్గాయి. సర్కారు మనుషులొచ్చే ఇంట్లో ఆయన్ను పిలవడానికి జంకారు. భక్తి ఎక్కువైన ఇళ్ళలో ఆస్కియానే వద్దన్నారు. రేడియోలు మాత్రం పాడవుతూనే ఉన్నాయి.

హిలోలా ఆ విందు సంగతి చాలా రోజులు ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం, ఖాళీ అయిన పురుగుల గదికి సున్నం వేస్తూ ఉండగా తండ్రిని అడిగింది.

"ఆ రోజు నీకు జవాబు దొరకలేదా?"

"దొరికింది."

"మరి?"

"మింగేశాను. మీ అమ్మ చేసిన పలావు కదా, దాంతోపాటు దిగిపోయింది."

"నేను అడిగానా నాన్నా? నా కోసం ఓడిపొమ్మని అడిగానా? నన్ను అడగకుండా వాళ్ళతో మాట ఇచ్చావు, నన్ను అడగకుండా ఆ మాట తప్పావు."

"అడిగితే ఓడేవాణ్ణా?" అన్నాడు ఆయన. కవ్వించడానికే అన్నాడు. తిరుగు మాట కోసం కుంచె పట్టుకుని నిలబడ్డాడు. హిలోలా గోడవైపు తిరిగి సున్నం వేసుకుంటూ పోయింది. దాని నోటి నుంచి తిరుగు మాట రాకపోవడం నేను చూడడం అదే మొదలు.

పరీక్ష రోజు పొద్దున నా దగ్గరకు వచ్చింది. చేతిలో నా పూల తలగుడ్డ ఉంది.

"అమ్మా, వెనక ముడి వెయ్యి. నాకు సరిగ్గా రాదు."

నేను దాని మొహంలోకి చూశాను. "నీకు ఇష్టం లేకపోతే వద్దే. చదువు పోతే పోనీ. ఇంట్లో కూర్చో, నాకు ఆకు తరుగు."

"నాన్న ఊరంతటి ముందు ఓడారు. పరీక్షకు కూడా వెళ్ళకపోతే ఆయన ఎందుకు ఓడినట్టు?"

నేను ముడి వేశాను. చలికాలమంతా ఎండ తగలక మెడ తెల్లగా ఉంది. నా వేళ్ళు తగిలితే ఉలిక్కిపడింది. నాకు ఏడుపొచ్చింది. ముసుగు పోయిందని కాదు, నాకు ఆ ముసుగంటే ఎప్పుడూ ఇష్టం లేదు. తీయాలని దానికి అనిపించి తీసి ఉంటే పలావు వండి ఉండేదాన్ని. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్న మా ఆయన ముడిని చూశాడు. "హిలోలా, నేను ఓడింది ఇందుకు కాదే" అన్నాడు. "తెలుసండి నాన్నా," అని గుమ్మం దాటింది. అప్పుడు గమనించాను. చిన్నప్పటి నుంచి తండ్రిని నువ్వు అని పిలిచిన పిల్ల, మా వైపు ఏ ఆడపిల్లా అలా పిలవదని బంధువులు తిట్టినా మానని పిల్ల, ఆయన్ను మర్యాదగా పిలుస్తోంది.

పరీక్ష మంచి మార్కులతో గట్టెక్కింది. సెప్టెంబరులో మా వీధి చివరి బడిలోనే ఒకటో తరగతి ఇచ్చారు. మొహం మీద గుడ్డ మళ్ళీ వేసుకోలేదు, గడ్డం కింద పిన్నూ పెట్టలేదు. సెలవు రోజు కూడా వెనక ముడే. చూశారా, నచ్చజెప్తే వింటారని రయీస్ గారు అందరికీ చెప్పుకున్నాడు. తండ్రి అమ్మేశాడని ఆ కుర్రాళ్ళు చెప్పుకున్నారు. మా అత్తగారు ఒక్కతే మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని జడ దువ్వింది.

అమ్మాయి మాకు ఏ లోటూ చెయ్యదు. బడి నుంచి రాగానే కూరగాయలు తరుగుతుంది, తండ్రి చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. కోపంగా ఉందా అంటే లేదు. అదే నన్ను తినేసేది. కోపమైతే నాకు తెలుసు, ఎన్నో చూశాను, ఎలా చల్లార్చాలో తెలుసు.

పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం వరండాలో భోజనాలు అయ్యాక చాయ్ తాగుతున్నాం. మా ఆయన చాలాసేపు కూతురి వంక చూస్తూ కూర్చుని, ఇక ఉండబట్టలేక మొదలెట్టాడు.

"టీచరమ్మా, మీ బళ్ళో అంత చిన్న పిల్లలకు నువ్వు పాఠం చెప్తున్నావా, లేక వాళ్ళే నీకు చెప్తున్నారా? మీ పెద్ద పంతులమ్మ నిన్ను వరసలో వెనక నిలబెట్టి లెక్కపెట్టిందని విన్నాను."

అత్తగారు గిన్నె నోటి దాకా తెచ్చి ఆపింది. ఒక మాట చాలు, ఎంత ముతక మాటైనా సరే.

హిలోలా చిరునవ్వు నవ్వింది. చక్కటి చిరునవ్వే. "పిల్లలు మంచివాళ్ళండి నాన్నా. మీకు ఇంకాస్త చాయ్ పొయ్యనా?"

ఆయన వద్దన్నట్టు గిన్నె మీద అరచెయ్యి పెట్టాడు. అమ్మాయి గిన్నెలు సర్దుకుని, కెటిల్ తీసుకుని లోపలికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినపడింది.

"ఆ రోజు చాయ్‌ఖానాలో దాన్నే అనేసి ఉండాల్సింది మస్తురా," అన్నాడు మా ఆయన. "తిట్టేది. ఇప్పటికీ తిడుతూ ఉండేది."